అక్షరానికి శక్తి ఉందా?

జాతకం ప్రకారం పేరు పెట్టే పద్ధతిలో 27 నక్షత్రాలకు నాలుగేసి చొప్పున 108 పాదాలు, పాదానికో అక్షరం. అశ్వినికి చూ, చే, చో, లా. బారసాల ఎక్కడ జరిగినా, బిడ్డ పుట్టిన పాదానికి చెందిన అక్షరంతో మొదలయ్యే పేరు కోసం ఇంటిల్లిపాదీ వెదుకుతారు. దీనికి ఇప్పుడు సంఖ్యాశాస్త్రం తోడైంది. పేరులోని అక్షరాలకిచ్చే అంకెల మొత్తం కుదరడానికి ఇంగ్లిష్ స్పెల్లింగులో ఒక ‘ఏ’నో ‘హెచ్’నో అదనంగా చేరుస్తున్నారు.

అక్షరానికి నిజంగా అంత శక్తి ఉందా? మాట అర్థం అక్షరాల్లో ఉందా, వాటిని మించినదాంట్లోనా అన్నది మన దర్శనాల్లో పాత వాదమే. ‘గౌః’ (ఆవు) అనే పదమంటే గకార, ఔకార, విసర్గలేనని పూర్వాచార్యుడు ఉపవర్షుడి మాటగా మీమాంసకుడు శబరుడు చెప్పాడు. వ్యాకరణ దార్శనికుడు భర్తృహరి వాక్యపదీయంలో దీన్ని ఒప్పుకోలేదు. అక్షరాలు ఒక్కొక్కటిగా పుట్టి మాయమవుతాయి, అర్థం మాత్రం అఖండంగా స్ఫురిస్తుందని ఆయన వాదన. ఆ స్ఫురింపజేసేదే స్ఫోటం. తల, లత అనే మాటల్లో అక్షరాలు అవే, అర్థాలు వేరు. ఆ తేడా తెచ్చేది క్రమమేననీ, వరుసగా విన్న వర్ణాల సంస్కారాలే అర్థాన్నిస్తాయనీ మీమాంసకుడు కుమారిలభట్టు సమాధానం. ఈ సమాధానమే ఎక్కువ నిలకడగా కనిపిస్తుంది.

ఇరుపక్షాలూ మాట్లాడింది చెవిన పడే శబ్దం గురించి. పలకని రోమన్ అక్షరానికి ఈ రెండు సిద్ధాంతాల్లోనూ చోటు లేదు.