ఏది దాని చోటు?

2023 ఆగస్టులో ప్రజ్ఞాన్ రోవర్ చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర్లో గంధకం ఉందని తేల్చినప్పుడు, ఇస్రో ప్రకటనలో ఒక మాట దగ్గర ఆగిపోయాను: ఇన్ సిటు. లాటిన్‌లో 'ఉన్నచోటే' అని. చంద్రుడి మట్టిని చంద్రుడి మీదే పరీక్షించారు కాబట్టి అది ఇన్ సిటు. 1969లో అపోలో 11 మోసుకొచ్చిన 21.5 కిలోల రాళ్ళనీ మట్టినీ ఇక్కడి ల్యాబుల్లో పరీక్షించడం ఎక్స్ సిటు, అంటే చోటు తప్పించాక. ఇంతవరకూ తేలికే.

కానీ ప్రజ్ఞాన్ చేసిందేమిటి? లేజర్‌తో మట్టిని కాల్చి, ఆవిరై వెలిగినప్పుడు ఆ వెలుగులో మూలకాల్ని గుర్తుపట్టింది. కొలిచేసరికి ఆ కాస్త మట్టీ మట్టిగా మిగల్లేదు. అంగారకుడి మీద క్యూరియాసిటీ ఇంకో అడుగు ముందుకేసింది. రాయిని తొలిచి, ఆ పొడిని తన పొట్టలో ఉన్న ఓవెన్లో వేడిచేసి, వచ్చిన వాయువుల్ని కొలుస్తుంది. దీన్నీ ఇన్ సిటు అనే అంటారు. ఇదే పని మన ఊరి గుట్ట దగ్గర, వ్యానులో పెట్టిన యంత్రంతో చేస్తే 'రాయిని తవ్వి తీశాక ఇంకా ఇన్ సిటు ఏంటండీ' అని ఎవరైనా అడగొచ్చు. మాట అదే, చోటు కొలతే మారింది. ఒకరికి చోటంటే గ్రహం, ఇంకొకరికి బండరాయి.

ఇది ఉత్త పదాల గొడవ కాదు. బోరు నీళ్ళే తీసుకోండి. భూమి లోపల ఆ నీళ్ళలో కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది. పైకి రాగానే అది గాల్లోకి పోతుంది, పీహెచ్ పెరుగుతుంది. అందుకే పీహెచ్‌ని బోరు పక్కనే నిలబడి కొలవాలంటారు. అదే నల్గొండ నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంతుందో చూడాలంటే, ప్లాస్టిక్ సీసాలో పట్టి హైదరాబాద్ తెచ్చినా లెక్క పెద్దగా మారదు. ఒకే సీసా, ఒకే ప్రయాణం. ఒక ప్రశ్నకి ఆ నీళ్ళు చోటు తప్పాయి, ఇంకో ప్రశ్నకి తప్పలేదు. కాబట్టి నా దృష్టిలో చోటంటే మ్యాపులో చుక్క కాదు. మనం అడిగే ప్రశ్నకి జవాబు ఏ పరిస్థితుల మీద ఆధారపడుతుందో, అవన్నీ కలిపి చోటు.

అలాగని ఉన్నచోట కొలిచిందల్లా నిజం, తెచ్చి కొలిచిందల్లా అబద్ధం అనలేం. మట్టిలో గుచ్చిన థర్మామీటర్ తనూ కాస్త వేడిని మోస్తుంది. మరోవైపు, 1972లో అపోలో 17 తెచ్చిన మట్టిలో కొంత తెరవకుండా దాచిపెట్టి, 2019లో తెరిచారు. తెచ్చిన నాటికి పుట్టని పరికరాలు దాన్ని చూశాయి. చోటు తప్పించడం వల్లే దొరికిన జ్ఞానం అది.

అసలు చిక్కు మనుషుల దగ్గర. డాక్టర్ గదిలో కొలిస్తే 140/90 దాటితే బీపీ ఎక్కువంటారు. ఇంట్లో కొలిస్తే ఆ హద్దు 135/85. ఆ తెల్లకోటు ముందు మనిషి గుండె వేరేగా కొట్టుకుంటుందని వైద్యం ఒప్పుకుని, అంకెనే మార్చింది. మిగతా కొలతల్లో మనకి ఈపాటి మర్యాద కూడా ఉండదు. ఊళ్ళో పదిమందికి పురుళ్ళు పోసిన అమ్మని సిటీలో ఎనిమిదో అంతస్తుకి తెచ్చి, 'ఈ మధ్య అమ్మకి చురుకు తగ్గింది' అనడం వింటూనే ఉంటాను. అరగంట ఇంటర్వ్యూలో నోరు పెగలని కుర్రాడికి 'సబ్జెక్ట్ లేదు' అని రాసేస్తారు. వేమన మొసలి పద్యం బళ్ళో అందరం వల్లెవేసినవాళ్ళమే. స్థానబలిమి అన్న మాట నోటికొచ్చు, మార్కులు వేసేటప్పుడే గుర్తు రాదు.

దీనికి నా దగ్గర పెద్ద సూత్రమేమీ లేదు. అంకె పక్కన చోటు కూడా రాయమంటాను. ఎక్కణ్ణుంచి ఎక్కడికి తెచ్చాం, దారిలో ఏం పోయి ఉండొచ్చు అని. నీళ్ళ విషయంలో ఏది ప్రయాణానికి తట్టుకుంటుందో, ఏది తట్టుకోదో కెమిస్ట్రీ చెబుతుంది. మనిషిలో ఏది ఫ్లోరైడో, ఏది పీహెచ్చో చెప్పే పట్టిక లేదు. అది లేనప్పుడు, తీర్పు రాసే ముందు ఒకసారి వాళ్ళ చోటికి మనమే వెళ్ళి చూడటం మన బాధ్యత అనుకుంటాను.