మధువును మరుగున నున్న ఆయుధమును

మగ్రిబ్ నమాజు ముగిసి, దీపములు ఖాలిద్ సరస్సు నీటిలో మెరయుచున్న వేళ, షార్జాలో చిరకాలము తెలుగు పిల్లలకు లెక్కలు చెప్పి విశ్రాంతి గొన్న మామయ్యయు నేనును నడచుచుండగా, టెనెసీలో నున్న నా స్నేహితుని మాట వచ్చినది. అతడు చొక్కా చాటున లైసెన్సు గల పిస్తోలు ధరించి తిరుగువాడు. గవర్నరు కాదన్నను 2009లో అచ్చటి శాసనసభ పట్టుబట్టి చేసిన చట్టము, అట్టివానిని మద్యము వడ్డించు భోజనశాలలోనికి రానిచ్చినది గాని త్రాగనీయలేదు. అది అతనికి కష్టముగా నున్నది.

"ఒక్క గ్లాసు బీరుతో వాని బుద్ధి యెక్కడికి పోవును, మామయ్యా? మన దేశమున కారు నడుపువానికి నూరు మిల్లీలీటర్ల రక్తమున 30 మిల్లీగ్రాముల వరకు చట్టము ఓర్చుచున్నది గదా!"

"ఈ దేశము కారునకు ఆ ఓర్పు కూడ చూపదు, అబ్బాయీ. 2025 మార్చి 29 నుండి అమలగుచున్న ట్రాఫిక్ చట్టమున జరిమానా 20,000 దిర్హాములు మొదలు 1,00,000 వరకు కలదు, చెరయు కలుగవచ్చును. చట్టము మాట అటుంచి, కొలత మాట చెప్పుము. చాలునని నిర్ణయించువాడెవడు?"

"త్రాగువాడే."

"రెండవ గ్లాసు కడ?"

"అప్పుడును వాడే."

"మద్యము మొదట ముంచునది కాలిని కాదు, చేతిని కాదు; 'ఇంక చాలు' నను వివేకమును. కొలపాత్రనే కరగించు ద్రవమును ఆ పాత్రతో ఎట్లు కొలుతువు?"

నేను వెనుదీయలేదు. "దొంగ త్రాగనివానిమీదనే పడునా? ఆత్మరక్షణ హక్కు విందు వేళ నిదురించునా?"

"హక్కు నిదురించదు, దానిని వినియోగించు విచక్షణ నిదురించును. లైసెన్సు నిచ్చిన అధికారి తెలివిమీద నున్న యొక మనుష్యుని చూచి యిచ్చెను. త్రాగినవాడు ఆ మనుష్యుని ఇంట విడిచి, పత్రమును మాత్రము వెంట గొనిపోవుచున్నాడు. మన దేశపు 1860 నాటి శిక్షాస్మృతి 86వ సెక్షనును, దాని స్థానమున వచ్చిన న్యాయసంహిత 24వ సెక్షనును, తనంత తాను త్రాగినవానికి త్రాగకున్నచో ఉండెడి ఎఱుక ఉన్నట్లే యెంచుచున్నవి. పైగా ఆయుధము చాటున నున్నది. కనబడు కత్తియైనచో ప్రక్కవాడు లేచి దూరముగా కూర్చుండును. కనబడనిదాని కడ వానికి ఆ వీలు లేదు. కావున దాచుకొనువాడు అచ్చటనున్న అందరి జాగ్రత్తను తానొక్కడే మోయవలసినవాడు."

కొంత నడచిన పిమ్మట మామయ్యయే మరల అందుకొనెను. "మహాభారతములోని ప్రభాసతీర్థమును తలంచుము. ద్వారకలో సుర కాచినవానిని కొరత వేయుదుమని చాటించిన యాదవులే అచ్చట త్రాగిరి. నిదురించువారిని చంపినవాడవని సాత్యకి కృతవర్మను ఎత్తిపొడిచెను. ప్రాయోపవిష్టుడైన భూరిశ్రవుని చంపినవాడవని కృతవర్మ బదులిచ్చెను. రెండును నిజములే. యుద్ధము నాటినుండి ముప్పదియారేండ్లు మనసులలో అణగియున్న నిజములు."

"కాని వారిని కూల్చినది తుంగ గదా! గడ్డియే ముసలమైనపుడు ఖడ్గమును నిందించుట యెట్లు?"

మామయ్య నిలిచి, చాలసేపు నీటివంక చూచెను. ఈ ప్రశ్నతో గెలిచితిననియే నేను తలంచితిని.

"తుంగ తరువాత వచ్చినది, నాయనా. తొలి తల తెగినది సాత్యకి ఖడ్గముతో. ఖడ్గము చేరువ లేనిచో ఆ మాటలు మాటలుగానే మిగిలియుండునా, నేను చెప్పలేను. మాటకును మరణమునకును నడుమ మనుష్యునికి కొన్ని క్షణములు ఉండవలెను. వానిలో సగము మద్యము తినివేసినది. తక్కిన సగమును ఖడ్గము తినివేసినది."

ఆ రాత్రి స్నేహితునకు ఫోను చేసితిని; అచ్చట ఇంకను పగలు. విందునకు పోవునాడు పిస్తోలు ఎక్కడ నుంచెదవని అడిగితిని. అతడు కొంతసేపు పలుకలేదు. ఇంట తాళముగల పెట్టె యొకటి యున్నదని పిమ్మట మెల్లగా అనెను.