నిలిచిన చోటు, కనిపించే మేర

ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరాకు బిగించే స్టాండర్డ్ జూమ్ లెన్స్ ఉత్తర తెలంగాణలోని కాగజ్‌నగర్ వంటి పట్టణంలో పెళ్లి ఫొటోగ్రాఫర్ చేతిలో నిత్యం కనిపించే పనిముట్టే అయినా, భారతీయ దర్శనాలు చాలాకాలంగా చర్చించిన ఒక ప్రశ్నను అది కొత్త రూపంలో ముందుకు తెస్తుంది. ద్రష్ట, అంటే చూసేవాడు, తాను నిలిచిన చోటు నుంచి కదలకుండానే దృశ్యానికి దగ్గర కాగలడా అన్నది ఆ ప్రశ్న. లెన్స్ మీది వలయాన్ని కొద్దిగా తిప్పితే ఎదుటి ముఖం చట్రమంతా నిండుతుంది. ఆ నిండటాన్ని సామీప్యంగా భావించడం ఎంత సహజమో, అది ఎంతవరకు నిజమో విచారించడం అంత అవసరం.

ఫుల్‌ఫ్రేమ్ అంటే 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల ఎత్తు గల సెన్సర్; 1925లో మార్కెట్లోకి వచ్చిన లైకా కెమెరాతో స్థిరపడిన ఫిల్ము చట్రం కొలత ఇదే. ఈ చట్రపు కర్ణం సుమారు 43 మిల్లీమీటర్లు ఉంటుంది. కటకపు నాభ్యంతరం, అంటే దూరపు వస్తువు నుంచి వచ్చే కిరణాలు కటకం దాటి ఒక బిందువు వద్ద చేరడానికి పట్టే దూరం, ఈ కర్ణానికి దగ్గరగా ఉన్నప్పుడు దృశ్యం మరీ విప్పారినట్టూ మరీ కుదించుకుపోయినట్టూ అనిపించదు. అందుకే ఆ కొలతకు ఇరువైపులా వ్యాపించే 24-70, 24-105 వంటి జూమ్‌లకు స్టాండర్డ్ అన్న పేరు వచ్చింది. కర్ణం వెంబడి కొలిస్తే 24 వద్ద సుమారు 84 డిగ్రీల మేర, 70 వద్ద సుమారు 34 డిగ్రీల మేర చట్రంలోకి వస్తుంది. 35 మిల్లీమీటర్ల స్టిల్ కెమెరాలకు మొట్టమొదటి జూమ్, 1959లో వచ్చిన 36-82 మిల్లీమీటర్ల ఫోక్ట్‌లెండర్ జూమర్, కూడా ఈ పరిధిలోదే కావడం గమనించదగినది. ఒకే కటకంతో ఊరేగింపునూ ముఖాన్నీ రెండింటినీ పట్టుకోవాలన్న కోరిక జూమ్ పుట్టుకతోనే ఉంది.

ఇక్కడ ఒక భౌతిక సత్యాన్ని జాగ్రత్తగా గ్రహించాలి. చిత్రంలో ఏది ముందుంది, ఏది వెనుక ఉంది, ఒకదానితో పోల్చినప్పుడు మరొకటి ఎంత పెద్దదిగా కనిపిస్తుంది అనే అమరికను దృశ్యక్రమం అనవచ్చు. దానిని నిర్ణయించేది నాభ్యంతరం కాదు, కెమెరా నిలిచిన చోటు మాత్రమే. పెళ్లి మండపం ముందు ఒకే చోట నిలబడి జీలకర్ర బెల్లం పెట్టే క్షణాన్ని 24 వద్ద ఒకసారి, 70 వద్ద మరొకసారి తీసి, మొదటి చిత్రం నడిమి భాగాన్ని కత్తిరించి రెండవ దాని పక్కన పెడితే, వధూవరుల ముఖాలకూ వెనుక నిలిచిన బంధువుల ముఖాలకూ మధ్య నిష్పత్తి రెండింటిలోనూ ఒక్కటే. అయితే 24 మెగాపిక్సెళ్ల చిత్రాన్ని అలా కత్తిరించినప్పుడు మిగిలేది మూడు మెగాపిక్సెళ్ల లోపే కనుక, జూమ్ నిజంగా ఇచ్చేది వివరపు సమృద్ధి. ముఖం మీది చెమట బిందువు, బాసికం దారపు పోగు స్పష్టంగా కనిపిస్తాయి. ఫొటోగ్రాఫర్ మాత్రం ఉన్నచోటనే ఉంటాడు. ఇదేమీ చిన్న మేలు కాదు. క్షణం దాటిపోయే చోట, మనుషులు కిక్కిరిసి ముందుకు కదలలేని చోట, దుమ్ములో లెన్స్ మార్చడానికి వీలులేని చోట ఈ పనిముట్టుకు సాటి లేదు. అయినా దాని మేలు వేరు, సామీప్యం వేరు.

శంకరాచార్యుల తరువాతి అద్వైతులు జీవబ్రహ్మ సంబంధాన్ని వివరించిన రెండు పద్ధతులు ఈ సందర్భంలో వెలుగునిస్తాయి. వాచస్పతి మిశ్రుని భామతి ననుసరించినవారిది అవచ్ఛేదవాదం: సర్వత్రా వ్యాపించిన ఆకాశం కుండలో పరిమితమై వేరుగా ఉన్నట్టు తోచినట్లే, అఖండ చైతన్యం ఉపాధి చేత, అంటే దానిని హద్దు కట్టినట్టు చూపే ఒక నిమిత్తం చేత, జీవుడిగా తోస్తుంది. ప్రకాశాత్ముని వివరణ ననుసరించినవారిది ప్రతిబింబవాదం: బింబం ఒక్కటే అయినా అద్దాన్ని బట్టి ప్రతిబింబం ఏర్పడుతుంది. జూమ్ వలయం మొదటి పద్ధతికి చక్కని ఉదాహరణ. అది దృశ్యాన్ని పుట్టించదు, మార్చదు, ఉన్నదానికి ఎల్లలు గీస్తుంది. రెండవ పద్ధతికి మిర్రర్‌లెస్ కెమెరా దేహమే ఉదాహరణ. పాత ఎస్సెల్లార్ కెమెరాలో వస్తువు నుంచి వచ్చిన కాంతి అద్దం మీద పడి, పట్టకం గుండా మళ్లి, నేరుగా కంటికి చేరేది. అద్దం తొలగిపోవడంతో కటకాన్ని సెన్సర్‌కు దగ్గరగా అమర్చే వీలు కలిగింది. నికాన్ పాత ఎఫ్ మౌంట్‌లో 46.5 మిల్లీమీటర్లున్న ఆ ఎడం 2018లో వచ్చిన జెడ్ మౌంట్‌లో 16కు, కానన్ ఈఎఫ్‌లోని 44 ఆర్‌ఎఫ్‌లో 20కు తగ్గింది. కటకాలు మెరుగుపడ్డాయి. కాని వ్యూఫైండర్‌లో కన్ను చూసేది ఇప్పుడు వస్తువు నుంచి వచ్చిన కాంతిని కాదు, సెన్సర్ గ్రహించి చిన్న తెర మీద తిరిగి రచించిన బొమ్మను. ఫొటో తీయకముందే ఫొటోను చూస్తున్న ఈ స్థితిలో, బింబానికి ఎదురుగా ఉన్నానన్న స్పృహను నిలుపుకోవడానికి ద్రష్టకు పూర్వంకంటె ఎక్కువ ప్రయత్నం కావాలి.

నిలిచిన చోటును గురించి అంతకంటె సూక్ష్మంగా ఆలోచించినవారు జైనులు, ఉత్తర తెలంగాణకు వారి చింతన పరాయిది కాదు. కరీంనగర్ సమీపాన కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్ట మీద, కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు పదవ శతాబ్దంలో వేయించిన శాసనంలోని కంద పద్యాలు తెలుగు సాహిత్య చరిత్రలో ప్రసిద్ధాలు. అదే గుట్ట రాతిమీద జిన ప్రతిమలు నేటికీ ఉన్నాయి. జైన తర్కంలో నయం అంటే అనేక ధర్మాలు గల వస్తువును ఒక ధర్మం వైపు నుంచి గ్రహించే దృష్టి. అది పాక్షికమైనా అసత్యం కాదు; తక్కిన నయాలను నిరాకరించి తానే సంపూర్ణమని ప్రకటించినప్పుడు మాత్రం దుర్నయం అవుతుంది. ఈ కొలతతో చూస్తే స్టాండర్డ్ జూమ్ ఒకే నయానికి అనేక చట్రాలను ఇస్తుంది. ఒక చోట నిలిచి 24, 35, 50, 70 అన్నింటా తీసిన చిత్రాలు నాలుగు దృష్టులుగా కనిపించినా, అవి నిజానికి ఒకే దృష్టికి నాలుగు హద్దులు. అన్ని అవసరాలకూ చాలిన లెన్స్ అన్న ప్రశంస, అన్ని దృష్టులకూ చాలిన లెన్స్ అన్న అర్థంలోకి జారినప్పుడు దుర్నయం మొదలవుతుంది.

అంతమాత్రాన చూపును కుదించడాన్ని దోషంగా ఎంచడం తగదు. పెళ్లిలో పురోహితుడు వధువుకు అరుంధతిని చూపేటప్పుడు ముందు పక్కనున్న పెద్ద నక్షత్రాన్ని చూపి, ఆ తరువాత దాని చెంతనున్న సన్నని చుక్క వైపు ఆమె చూపును నడిపించే పద్ధతిని వేదాంతులు స్థూలారుంధతీ న్యాయంగా స్వీకరించారు. స్థూలం నుంచి సూక్ష్మానికి దారి చూపే బోధనాక్రమం అది. నేల మీద నిలిచిన చోటు మారకుండానే చూపు మేర తగ్గుతుంది, ఆ తగ్గడమే జ్ఞానానికి మార్గం అవుతుంది. జూమ్‌కు తాత్త్వికమైన సమర్థన దొరికేది ఇక్కడే. అయితే ఈ న్యాయంలో చూపును నడిపించే గురువు ఉన్నాడు, చూడడానికి సిద్ధపడిన శిష్యురాలు ఉంది. వలయం తిప్పే చేతికి ఈ రెండూ వాటంతట అవి రావు.

కాగజ్‌నగర్ చుట్టుపట్ల ఈ చర్చకు అత్యంత తీవ్రమైన పరీక్ష గోండుల పండుగలలో ఎదురవుతుంది. దీపావళి ముందు రోజుల్లో కుమురం భీం ఆసిఫాబాద్, ఆదిలాబాద్ జిల్లాల గూడేలలో జరిగే దండారిలో నెమలి పింఛాల టోపీ ధరించి, దేహానికి బూడిద పూసుకుని ఆడే గుస్సాడీలు వినోదం కోసం వేషం కట్టిన నటులు కారు; ఆ దినాలలో వారు దీక్షలో ఉంటారు, వారిని దైవాంశ ఆవహించి ఉంటుందని గూడెం నమ్ముతుంది. పింఛాల రంగు, కదలికల వేగం కెమెరాలను విశేషంగా ఆకర్షిస్తాయి. బయటి నుంచి వచ్చినవారు గుంపు అంచున నిలిచి 70 వద్ద తీసిన ముఖచిత్రంలో, ఆ ముఖం ఎవరి ఇంటి ముందు, ఏ పెద్దల ఎదుట ఆడుతున్నదో తెలిపే సమస్తమూ చట్రం వెలుపలికి పోతుంది. దీక్ష పోయి అలంకారం మిగులుతుంది. అందులోని ప్రతి వివరమూ నిజమే అయినా, ఆ చిత్రం దండారిని గురించి ఏమీ చెప్పదు.

ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్య నాడు మొదలయ్యే, గోండుల నాగదేవత నాగోబా జాతర ఈ విషయాన్ని మరింత విశదం చేస్తుంది. గోండులలోని మెస్రం వంశీయులు హస్తినమడుగుకు కాలినడకన వెళ్లి గోదావరి జలాన్ని తెచ్చిన తరువాతే నాగోబాకు మహాపూజ జరుగుతుంది. వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్లను భేటింగ్ అనే ఆచారంలో దేవునికి పరిచయం చేస్తారు. ఈ క్రమంలో దూరం తొలగించవలసిన అడ్డంకి కాదు, నడిచి తీర్చవలసిన విధి. దర్శనం ఒకవైపు నుంచి మాత్రమే జరిగే క్రియ కాదు. కోడలు నాగోబాను చూడడానికి వస్తుంది, తాను ఎవరో పెద్దల ద్వారా నాగోబాకు తెలియజేయబడుతుంది. తాను కనిపించకుండా ఎదుటివారిని దగ్గరగా చూడడం అనే సౌకర్యానికి, జూమ్ ఇచ్చే ప్రధాన సౌకర్యానికి, ఈ దర్శన భావనలో చోటు లేదు.

నాగోబా ఎదుట పరిచయం లేని చూపు దర్శనం కానట్లే, గూడెం ఎదుట పరిచయం లేని కెమెరా చూపు ఎంత స్పష్టమైనా సామీప్యం కాదు. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమురం భీం మరణించిన తరువాత గోండుల స్థితిగతులను అధ్యయనం చేయడానికి నిజాం ప్రభుత్వం పక్షాన వచ్చిన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ కూడా కెమెరాతోనే వచ్చాడు. ఆయన మార్లవాయి అనే గోండు గూడెంలో గుడిసె వేసుకుని భార్య బెట్టీతో నివసించి, గోండీ నేర్చుకుని, అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణకు పూనుకున్నాడు. రాజ్‌గోండుల మీద ఆయన గ్రంథం 1948లో వెలువడింది, ఆయన తీసిన వేలాది ఛాయాచిత్రాలు నేడు లండన్‌లోని సోయాస్ సంస్థలో భద్రంగా ఉన్నాయి. ప్రభుత్వం పంపిన పరిశీలకుడిగా ఆయనకూ ఒక నయం, దానికి పరిమితులూ ఉన్నాయి. అయినా ఆయన సామీప్యానికి కారణం కటకం కాదు, మార్లవాయిలో గడిపిన కాలం. నేడు దండారికి వెళ్లే ఫొటోగ్రాఫర్ వద్ద అంతకంటె ఎన్నో రెట్లు సమర్థమైన పరికరం ఉంది. అతడు గూడెం పటేల్‌ను ముందుగా కలిసి, ఏది తీయవచ్చునో ఏది తీయరాదో అడిగి, వలయాన్ని 35 దగ్గర ఉంచి ముందుకు నడిస్తే, గుస్సాడీతో పాటు ఆ ఇంటి ముంగిలీ, చూస్తున్న పిల్లలూ, వాయిద్యకారులూ అతని చట్రంలోకి వస్తారు. వారికి అతడూ కనిపిస్తాడు.