అడిగితేనే బిల్లు

ఫ్రాన్సులో హోటల్లో భోంచేస్తే, అడిగేదాకా బిల్లు రాదు. తిన్న ప్లేట్లు తీసేస్తారు, కాఫీ కావాలా అని ఓసారి అడుగుతారు, అంతే. ఆ తర్వాత ఎంతసేపు కూర్చున్నా టేబుల్ మనదే. అడక్కముందే బిల్లు తెచ్చి పెట్టడమంటే అక్కడ లేచి వెళ్ళమని చెప్పడమే. మన మెస్సుల్లో మజ్జిగన్నం కలుపుకుంటుండగానే మరొకాయన మన కుర్చీ మీద చెయ్యి వేసి వెనకాల నిలబడతాడు. అలాంటి చోటునుంచి వెళ్ళినవాళ్ళకు మొదట్లో ఇది పట్టించుకోకపోవడంలా తోస్తుంది. మనిషిని మర్యాదగా చూసుకోవడంలో ఇదీ ఒక పద్ధతేనని మెల్లగా తెలుస్తుంది.

లియోన్ నగరంలో ప్లాస్ సాతొనె అని ఒక చిన్న చౌక్ ఉంది. పర్యాటకులు ఎక్కువగా వెళ్ళేది నది అవతలి పాత ఊరికి. ఇది క్రువా రూస్ గుట్ట వాలులో ఉన్న పేట జనం తమకోసం ఉంచుకున్న చోటు. నాలుగు పక్కలా పాత మేడలు, ఒక వైపు ఆ వార్డు మున్సిపల్ ఆఫీసు, ఉత్తరాన మెట్లదారి, దానికి అటూ ఇటూ సింహాల ఫౌంటెన్లు. మధ్యలో బెరడు పెచ్చులుగా రాలే ప్లాటాన్ చెట్లు. కశ్మీరు చినార్‌కు దగ్గర చుట్టాలు అవి. కేఫుల కుర్చీలు గోడల దగ్గరనుంచి మొదలై చెట్ల నీడదాకా వచ్చేస్తాయి. జూన్‌లో తొమ్మిది దాటినా వెలుతురుంటుంది. అప్పుడు అక్కడ పెతాంక్ ఆడేవాళ్ళను చూడాలి. చిన్న చెక్క గోళీకి ఎవరి ఇనుప బంతి దగ్గరగా పడిందో తేలకపోతే ఒక పెద్దాయన గొంతుక్కూర్చుని టేపు పెట్టి కొలుస్తాడు. నలుగురూ వంగి చూస్తారు. పక్క టేబుళ్ళవాళ్ళు కూడా ఫోర్కులు ఆపి అటే చూస్తారు.

ఈ గుట్ట ఒకప్పుడు పట్టు నేతగాళ్ళది. కానూలని పిలిచేవారు వాళ్ళను. ఎత్తైన జకార్డ్ మగ్గాలు పట్టేందుకే ఇక్కడి ఇళ్ళకు కప్పులు అంత పైకి కట్టారు. ఇప్పటికీ మన ధర్మవరంలో చీరె అంచుకు పువ్వులెక్కించే జకార్డు ఈ ఊరివాడైన జోసెఫ్ మరీ జకార్డ్ పేరుమీదిదే. ఆయన విగ్రహం కొన్నేళ్ళు ఈ చౌక్‌లోనే ఉండేది. ఇప్పుడున్నది బ్లాందాన్ అనే సార్జెంటుది. ఆ నేతగాళ్ళు 1831లో కూలి రేటు కోసం తిరగబడ్డారు. 1834లో మళ్ళీ లేచారు, అప్పుడు సైన్యం వాళ్ళను నెత్తుటిలో ముంచింది. వాళ్ళ తిండి ఇంకా ఈ ఊరి మెనూల్లో ఉంది. సెర్వెల్ ద కానూ అనే వంటకం చూడ్డానికి మన పెరుగు పచ్చడిలా ఉంటుంది. నీరు వడకట్టిన తాజా జున్నును గిలకొట్టి, సన్నగా తరిగిన చిన్న ఉల్లిపాయలు, ఉల్లికాడలు, వెల్లుల్లి, కాస్త వెనిగర్, నూనె, ఉప్పు, మిరియాల పొడి కలుపుతారు. ఉడికించిన బంగాళాదుంపలతోనో, రొట్టె ముక్క మీద పూసుకునో తింటారు. మాంసం కొనలేని రోజుల్లో పుట్టిన రుచి. పక్కన, అడుగున దళసరి గాజుండి 46 సెంటీలీటర్లు పట్టే సీసాలో వైన్ పెడతారు. ఆ సీసాను ఈ ఊళ్ళో పో అంటారు.

తీరిక మనసులో ఉండాలి అంటుంటాం. ఆ మాట సగమే నిజమని నాకు ఇలాంటి చోట్లు చూశాకే అనిపించింది. మిగతా సగాన్ని ఊరు సమకూర్చాలి. పనిచేసే గదిలో కార్మికులు భోజనం చేయకూడదని ఫ్రాన్సులో 1894లోనే ఆదేశం వచ్చింది. ఫ్యాక్టరీ గాలీ ధూళీ తిండిలో పడకూడదని పెట్టిన నియమం అది. కోవిడ్ వేళ 2021లో దాన్ని తాత్కాలికంగా సడలించారు. ఆ నియమం వల్ల కూడా మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి మనుషులు లేచి బయటికి రావడం అలవాటైంది. హోటళ్ళలో రేట్లు ఎంతెంతో ముందే రాసి పెట్టాలి, సర్వీసు ఖర్చు అందులోనే కలిసి ఉండాలి. సర్వర్ బతుకు మనం వదిలే చిల్లర మీద ఆధారపడదు కాబట్టి అతను మనల్ని తొందరపెట్టనక్కర్లేదు. భోజనంతో పాటు కుళాయి నీళ్ళు ఉచితంగా అడగవచ్చు. ఆ సంగతి మెనూలోనో బోర్డు మీదో కనిపించేలా రాయాలని 2020లో వచ్చిన చట్టం చెబుతోంది. చెట్టు కింద కుర్చీలు వేయాలంటే కేఫు మున్సిపాలిటీ దగ్గర అనుమతి తీసుకోవాలి, అద్దె కట్టాలి. ఎందుకంటే ఆ నేల అందరిదీ.

వంటవాడికి కూడా తీరిక కావాలి. మధ్యాహ్నం రెండు దాటాక చాలా హోటళ్ళలో పొయ్యి ఆర్పేస్తారు, మళ్ళీ ఏడింటికే. మూడింటికి ఆకలేస్తే బేకరీకి వెళ్ళాల్సిందే. ఇది ఇబ్బందే, కానీ నాకు న్యాయంగానే తోస్తుంది. పై అంతస్తుల్లో కాపురముండేవాళ్ళ నిద్ర సంగతి అంత తేలిగ్గా తేలదు. కింద నవ్వులు రాత్రి పదకొండుదాకా సాగితే పొద్దున్నే పనికి పోవాల్సిన మనిషికి అది ఆనందం ఎలా అవుతుంది? అందుకే కుర్చీలు లోపల పెట్టే వేళల గురించి ఇలాంటి పేటల్లో వాదనలు జరుగుతూనే ఉంటాయి. జరగాలి కూడా.

నాకు అన్నిటికంటే నచ్చేది కేఫుల కుర్చీలకు ఆవల ఉన్న బెంచీలు. ఈ వాలులో ఇళ్ళ అద్దెలు బాగా పెరిగాయి, ప్లేటు భోజనం అందరికీ అందే ధర కాదు. అయినా బేకరీలో రొట్టె, కొట్లో జున్ను కొనుక్కుని ఆ బెంచీ మీద కూర్చునే కుర్రాళ్ళున్నారు, మనవలను ఆడించే ముసలమ్మలున్నారు. నీడ అదే, పెతాంక్ ఆట అదే. వాళ్ళకు బిల్లే లేదు. సర్వర్లు వాళ్ళ మధ్యనుంచే ట్రేలు పట్టుకుని పోతుంటారు, ఎవరూ ఎవరినీ జరగమనరు.