వసారాలోని పిల్లి

వానకు తడిసి మా వసారాలో చేరిన పిల్లిని ఇంటిలో ఉంచుకొందుమా, తరిమివేయుదుమా అని మూడు దినములు ఆలోచించితిమి. గిన్నెడు పాలు పోసి, అదే దయ అనుకొంటిమి. కాని ఎదిగిన పిల్లులు అనేకము పాలు అరిగించుకొనలేవు. చేపయో మాంసమో లేనిదే వాటికి బలము నిలువదు. పిల్లి కరచినను రేబీస్ సోకవచ్చును గనుక పశువైద్యశాలలో టీకా వేయింపవలెను.

సామెతలు 12:10 నీతిమంతుని దయను అతని సొంత పశువులతో ముడిపెట్టినది. వీధి పిల్లి తన ఆహారము తానే వెదకుకొనును. తలుపు మూసి దాని వేట మాన్పినవాడు దానికి యజమానుడగును. ముద్దుకొరకు చేర్చుకొని, విసుగు పుట్టినప్పుడు వెళ్లగొట్టుట దయ కాదు.

మేము ఉంచుకొంటిమి. ఇప్పుడు కూరలో కారము వేయకమునుపే దాని చేపముక్క వేరుగా తీయుచున్నాము. మీ వాకిటికి వచ్చినదానిని చేర్చుకొనకముందు, దాని రేపటి ముద్దను కూడ లెక్కించుకొనుడి.