అనుమానము ప్రమాణమగునా?

జగిత్యాల, కోరుట్ల ప్రాంతములవారమగు మాకు సముద్రము ఏటికొకమారు మాత్రము వినబడును. ఉగాదినాడు పంచాంగము చదువు పురోహితుడు ఆ యేటి వర్షములో ఇన్ని భాగములు సముద్రమునందు, ఇన్ని పర్వతములయందు, ఇన్ని భూమియందు కురియునని చెప్పును. వినువారు తలలూపుదురు. ఆ లెక్క ఎట్లు వచ్చెనని అడిగినవారిని మేము చూడలేదు. నిరుడు చెప్పినది నిజమయ్యెనా యని సరిచూచినవారును లేరు. ఈ యిండ్లలోనే, కడలిలో చేపలు తగ్గుచున్నవి, కొన్నాళ్లు వేట మానుట మేలని శాస్త్రజ్ఞులు చెప్పినచో, "వారికి మాత్రము నిశ్చయముగా తెలియునా? అంతయు అనుమానమే గదా!" యని త్రోసివేయుదురు.

ఈ అనుమానమను మాటను కొంత విచారింపవలసియున్నది. న్యాయశాస్త్రమున నది ప్రత్యక్షము తరువాత చెప్పబడు ప్రమాణము. పొగను చూచి నిప్పు నెఱుగుట. తెలుగున నది సందేహమునకు పేరయ్యెను. ఎఱుకకు సాధనమైనదానిని ఎఱుకలేమికి పేరుగా చేసికొంటిమి. కన్నడులును ఈ పనియే చేసిరి గనుక తప్పు మన యొక్కరిదే కాదు.

చెఱువులోని చేపల నెన్నుటకు నీరు తోడివేయనక్కఱలేదు. 100 చేపలను పట్టి, రెక్కకు గుర్తుపెట్టి విడువవలెను. అవి తక్కినవానితో కలసిన పిమ్మట మరల 100 పట్టవలెను. వానిలో 5 గుర్తుగలవైనచో, పట్టినవానిలో గుర్తుగలవి ఇరువదవ పాలు. చెఱువంతటిలోను అంతే యనుకొని మొత్తము 2,000 అని ఎంచుదురు. 19వ శతాబ్దాంతమున డెన్మార్కు దేశమున చేపలకు గుర్తులు పెట్టిన పీటర్సను పేరనే ఈ పద్ధతి నేటికిని చెల్లుచున్నది. అయితే వలలో అదృష్టవశమున గుర్తుగలవి 3 మాత్రమే పడవచ్చును. అపుడు లెక్క 3,300 దాటును. 8 పడినచో 1,250కి దిగును. చేపలు మారలేదు, వల వేసిన చేతి అదృష్టము మారినది. ఈ యెగుడుదిగుడును దాచక కొలిచి చెప్పుటయే సంభావ్యతా గణితము చేయు పని. పంచాంగము తన తప్పెంతో చెప్పదు, ఇది చెప్పును. అందుచేతనే దీనిని మనము నమ్మకున్నాము!

ఇందు తెలుగువాని పాలు చిన్నది కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణరావుగారు కలకత్తాలో నుండి 1945లో ప్రకటించిన వ్యాసమున, పక్షపాతములేని అంచనా ఎంత నేర్పుతో కట్టినను, చేతనున్న వివరములు ఈయగల కచ్చితత్వమునకు ఒక హద్దు కలదనియు, దానిని దాటజాలదనియు నిరూపించిరి. 2023లో అంతర్జాతీయ సాంఖ్యక పురస్కారము నంది, ఆ యేడే పరమపదించిరి.

సముద్రమునకు గట్టులు లేవు గనుక లెక్క మఱింత కష్టము. కెనడా దేశపు న్యూఫౌండ్లాండు తీరమున కాడ్ అను చేప వందల యేండ్లు జనులను పోషించినది. 1980 తరువాతి యేండ్లలో అచటి లెక్కలు కొంతవఱకు పెద్దపడవల రాబడిపై నాధారపడెను. చేపలు తగ్గినకొలది మిగిలినవి గుంపుగూడెను. యంత్రములు ఆ గుంపులను వెదకి పట్టెను. రాబడి తగ్గలేదు గనుక చేపలును తగ్గలేదనుకొనిరి. లెక్క తప్పని తెలిసి, వేటను బాగుగా తగ్గింపుడని శాస్త్రజ్ఞులు చెప్పినపుడు ప్రభుత్వము అంత తగ్గించుటకు వెనుదీసెను. 1992 జూలైలో వేటను మూసివేయక తప్పలేదు. సుమారు 30,000 మంది పని పోయెను. రెండేండ్లకని పెట్టిన నిషేధము 2024 వఱకు సాగెను.

కోరుట్లలో మాకు పరిచితుడగు నొక వర్తకుడు ఇదంతయు విని, "నిశ్చయము లేనివారి మాటకు పడవలు కట్టివేయుట అన్యాయమండీ" అనెను. ఆయన పసుపు రైతులకు ముందుగా సొమ్మిచ్చువాడు. పసుపు చేతికి వచ్చుటకు తొమ్మిది నెలలు పట్టును. వాన, తెగులు, ధర ఏదియు ఆయనకు నిశ్చయముగా తెలియదు. అందుచేతనే తన సొమ్మంతయు నొక్క రైతునకే యీయడు. తన పెట్టె విషయమున జాగ్రత్తకు కారణమైన అనుమానము సముద్రము విషయమున నిర్లక్ష్యమునకు కారణమెట్లగునని అడిగితిమి. నవ్వెను గాని ఒప్పుకొనలేదు.

అయితే ఆయన మాటలో న్యాయము బొత్తిగా లేకపోలేదు. ఈ చెఱువు లెక్కయే తరగతిలో చెప్పి, ఎన్ని యున్నవనుకొని పట్టవలెనని అడుగగా, ఒక బాలిక 1,250 అనెను. ఎక్కువయున్నను మిగిలినవి వచ్చేయేటికి ఉండును, తక్కువయుండగా ఎక్కువ పట్టినచో మరల రావు అని కారణము చెప్పెను. మేము సంతోషించుచుండగా, సిరిసిల్లనుండి వచ్చిన బాలుడొకడు లేచి, "తక్కువ పట్టినవాడు ఆ యేడు ఏమి తినవలె సార్?" అనెను. మరమగ్గములు నిలిచిన యింట పెరిగినవానికి తోచిన ప్రశ్న మాకు తోచలేదు.

తూర్పు తీరమున ఏటా ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు, చేపలు గ్రుడ్లుపెట్టు కాలమని, 61 దినములు యంత్రపు పడవల వేట నిషిద్ధము. నిషేధము యుక్తమే. దాని వెల నిచ్చువాడు మాత్రము లెక్క కట్టినవాడు కాడు, చేప కొని తినువాడును కాడు. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము వేటకు పోవువారికి ఆ కాలమున భృతి నిచ్చుచున్నది. గంపలెత్తి చేపలమ్ము స్త్రీలు పడవ నెక్కరు గనుక ఆ పట్టీలో చేరరు. వారిని చేర్చుటకు కావలసిన ధనమును రొయ్యలు, చేపలు ఎగుమతి చేయువారి లాభమునుండియు, తినువారి నుండియు కొంత తీసికొనవలెనని మా యభిప్రాయము. సముద్రము మాకు దూరమని జగిత్యాలవారు తప్పించుకొనుటకును వీలులేదు. సిరిసిల్ల మానేరు గోదావరిలో కలియును. ధర్మపురిలో మనము మునుగు గోదావరి పాయ యొకటి కాకినాడ చెంత కోరింగ మడయడవుల ప్రక్కనే కడలిలో పడును. ఆ చెట్ల వేళ్లనడుమనే చేపపిల్లలును రొయ్యపిల్లలును పెరుగును. 2027లో పుష్కరములు మరల రానున్నవి. రేవులలో మనము వదలు గుడ్డలను, ప్లాస్టిక్ సంచులను ఏరివేయు ఏర్పాటు ఇప్పటినుండియే చేయవచ్చును.