భండారమునకు లెక్క చూచువారెవరు?

హిందూపురము సంతలో చింతపండు అమ్మువాడు తన తక్కెడను తానే పరీక్షించి సరియైనదనిన, కొనువాడు నమ్మడు. ధర్మవరమున మగ్గపు యజమాని పట్టును తూచి ఇచ్చి, చీరను తూచి పుచ్చుకొనునపుడు నేతగాడును ముల్లును చూచుచుండును. చిన్న వ్యవహారమునకే ఇంత జాగ్రత్త వలసినచో, ప్రజల సొత్తునకు కావలియున్న అధికారి తప్పు చేసెనన్న మాట వచ్చినపుడు విచారింపవలసినదెవరు?

1565 తరువాత పెనుకొండ నుండి ఏలిన విజయనగర ప్రభువుల కాలమున ఆజ్ఞ, దండన, తీర్పు మూడును రాజునందే ఉండెను. రాజే తప్పినచో మొర వినువారు లేరు. ఆ కొరత తీర్చుటకే భారత రాజ్యాంగపు 50వ అధికరణము న్యాయశాఖను కార్యనిర్వాహకశాఖ నుండి వేరుపరచవలెనని నిర్దేశించినది. అయితే దర్యాప్తు మాత్రము నేటికిని పాలకుల చేతికిందనే ఉన్నది.

ఈ మూడు ఊళ్లును 2022 వరకు అనంతపురము జిల్లాలోనివే. ఆ జిల్లాలోని ఓబుళాపురము ఇనుపగనుల వ్యవహారమున 2009లో రాష్ట్రప్రభుత్వమే కోరగా సి.బి.ఐ. దర్యాప్తు చేపట్టినది. 2025 మే 6న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానము గాలి జనార్దనరెడ్డికిని, నాటి గనులశాఖ సంచాలకునికిని, మరికొందరికిని శిక్షలు విధించినది. నాటి గనుల మంత్రిని నిర్దోషియని విడిచినది. మరుసటి నెలలో జనార్దనరెడ్డి శిక్ష అమలును హైకోర్టు నిలిపినది. విచారణ దోషిని పట్టుటకే కాదు, నిర్దోషికి మచ్చ తొలగించుటకును కావలెను.

మరి ఆ తలుపు తాళపుచెవి ఎవరిది? 1946 నాటి చట్టము ప్రకారము సి.బి.ఐ. రాష్ట్రమున అడుగిడుటకు రాష్ట్రప్రభుత్వ సమ్మతి కావలెను. ఆంధ్రప్రదేశ్ 2018 నవంబరులో ఆ సమ్మతిని ఉపసంహరించినది. ప్రభుత్వము మారిన పిదప 2019 జూనులో మరల ఇచ్చినది. కేంద్రపాలకులు ఆ సంస్థను తమ ఇచ్చకు వాడుదురన్న శంక వట్టిది కాదు. 2013లో సుప్రీంకోర్టే దానిని పంజరములోని చిలుకతో పోల్చినది. రాష్ట్రము కాదన్నను దర్యాప్తునకు ఆదేశింపగల అధికారము ఉన్నత న్యాయస్థానములకు కలదని 2010లో ఆ కోర్టే తీర్పు చెప్పియుండుట కొంత ఊరట. చిలుక ఒక పంజరము నుండి మరొక పంజరమునకు మారిన చాలదు. దానికి గింజలు వేయు చేయి వేరు కావలెను.

ఇచ్చట బసవేశ్వరుని కథ తలపునకు వచ్చును. ఆయన బిజ్జలుని భండారి. భండారపు ధనమును జంగములకు ధారపోయుచున్నాడని కొండెములు రాజు చెవిని పడెను. బసవన్న కోపింపలేదు, పదవిని అడ్డు పెట్టుకొనలేదు. ధనమును రాజు ఎదుటనే లెక్కింపజేసెను. లెక్క సరిపోయెనని పాల్కురికి సోమనాథుని బసవపురాణము చెప్పును. భక్తులు అందు శివమహిమను చూతురు. పాలన నెరిగినవారు మరొక నీతిని కూడ చూడవచ్చును: శుచియైనవాడు తన పెట్టెను పరుల చేత తెరిపించుటకు జంకడు.

అయినను అందరు భండారులును బసవన్నలు కారు. కావుననే చట్టము కావలెను. ఆ నీతి మఠములకును వర్తించును. దాసోహపు బియ్యము లెక్కను వ్రాసినవాడే సరిచూచుకొనక, మరొకరికి చూపిన నాడు, ప్రభుత్వమును లెక్క అడుగు యోగ్యత సమాజమునకు కలుగును.